కుళాయిల పుట్టుపూర్వోత్తరాలు

గంటల మేస్త్రికి ఒక జబ్బుంది. పాడైపోయిన వస్తువు కంట పడితే ఆయన చేతులు ఊరుకోవు. పెళ్లినాడు చుట్టాలంతా పెళ్లికొడుకు ఏడని వెతుకుతుంటే, ఆయన మైకు పెట్టె వెనక చతికిలబడి తెగిన తీగ కలుపుతున్నాడు. కూతురు పుట్టిందని నర్సు కబురు తెచ్చేసరికి ఆస్పత్రి వరండాలో నిచ్చెన ఎక్కి, కిచకిచలాడే ఫ్యానుకు నూనె పోస్తున్నాడు. ఆయన్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే అక్కడ అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ముందు కనుక్కోవాలని భార్య అందరితో చెప్పేది. నవ్వుతూనే చెప్పేది కానీ, నిజంగా కనుక్కునేది కూడా.

గంటలు పోయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇరవయ్యో ఏట తాళాలు బాగుచేసే కొట్లో పనిచేస్తూ, పగిలిపోయిన మేక గంట ఒకటి కొనుక్కొచ్చి నిలువునా రెండు ముక్కలు కోశాడు. అంచు దగ్గర ఎంత మందం, నడుం దగ్గర ఎంత పలచన అని సన్నటి పుల్లతో కొలుచుకున్నాడు. ఆ కొలతలతో నలభై గంటలు పోస్తే నలభయ్యీ పళ్లెం కింద పడ్డట్టు మోగాయి. నలభై ఒకటోది గంటలా మోగింది. అది ఇప్పటికీ షెడ్డు గుమ్మానికి వేలాడుతూ ఉంటుంది. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్లలో ఆయన పోసిన గంట చెవి దగ్గర పెట్టుకుని వినకుండా బయటికి పంపింది లేదు.

కాలం మారింది. మందలు తగ్గాయి, ఉన్న మందల మెడల్లోకి జాడ చెప్పే చిప్పులొచ్చాయి. కొలిమి నెలకోసారి వెలిగితే గొప్ప. ఆ షెడ్డు మేస్త్రి మామగారిది. ఆయన పోయాక కూతురైన మేస్త్రి భార్యకి సగం, కొడుకుకి సగం వచ్చింది. ఆ కొడుకు, అంటే మేస్త్రి బామ్మర్దికి, స్నానాలగది సామాన్ల కొట్టుంది. స్నానాల తొట్లు పెట్టుకోవడానికి చోటు చాలక అతని కన్ను షెడ్డు మీద పడింది. వచ్చినప్పుడల్లా టేపు తెచ్చి గోడలు కొలిచేవాడు. మాటకారి. కొలుస్తున్నంతసేపూ, తను కొలుస్తున్నది అందరి మంచి కోసమేనని చెబుతూనే ఉండేవాడు.

చివరికి ఇంట్లో ఒక మాట అనుకున్నారు. ఏడాది ఆఖరులోగా సరైన ఆర్డరొకటి వచ్చి, సరుకు ఓడెక్కితే కొలిమి ఉంటుంది. లేకపోతే కొలిమి పడగొట్టి తొట్లు పెడతారు. మేస్త్రి తలూపాడు. ఆయన తలూపితే రాసిచ్చినట్టే.

ఆర్డరు తెచ్చింది కూతురు. అమ్మాయి కంప్యూటర్లో వెతికి వెతికి, సముద్రానికి అవతల దేశంలో గొర్రెల పెంపకందారుల సంఘం ఒకటి పట్టుకుంది. వాళ్లకు చిప్పుల మీద నమ్మకం పోయిందట. గొర్రె ఎక్కడుందో ఫోను చెప్పేది గానీ, తోడేలు వస్తే ఆ సంగతి పక్క గొర్రెకు చెప్పేది కాదు. పన్నెండు వందల ఇత్తడి గంటలు కావాలన్నారు. షరతు ఒకటే. చుట్టుపక్కల ఏడు దేశాలు కలిసి రాసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం, ఈ గంటలు ఈ దేశంలోనే పుట్టాయని ఆరిజిన్ సర్టిఫికెట్ ఉండాలి. ఉంటే సుంకం లేదు. లేకపోతే సుంకం ఎంతంటే, ఆ ధరకి గొర్రెనే కొనుక్కోవచ్చు. కాగితం లేని సరుకు మాకొద్దని సంఘం ముందే రాసేసింది. ఓడ ఇరవై ఎనిమిదో తారీకున.

"గంటలకి జాతకాలు కావాలన్నమాట" అంది మేస్త్రి భార్య.

సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కౌంటర్ మీద ఇత్తడి గంట, దాని పక్కన 'గంట కొట్టి పిలవండి' అని బోర్డు. ఆ గంట నొక్కితే మోగదు. వచ్చినవాళ్లు బోర్డు చదివి, గంట నొక్కి, కాసేపు చూసి, దగ్గుతారు. దగ్గు వినగానే గుమాస్తా వస్తాడు. మొదటిరోజే మేస్త్రి చేయి గంట మీదికి వెళ్లింది. ప్రభుత్వ ఆస్తి ముట్టుకోకూడదని కాపలాదారు లేచి నిలబడ్డాడు. ఆ రోజునుంచి మేస్త్రి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. చూస్తే ఆగలేడు మరి.

దరఖాస్తు మొదటిసారి తిరిగొచ్చింది. సంతకం తోక గడి గీతను తాకింది. తోక కత్తిరించి మళ్లీ పెట్టాడు. రెండోసారి, గంటల బరువు నాలుకలతో కలిపి రాశారా, నాలుకలు లేకుండా రాశారా అన్న ప్రశ్నతో వచ్చింది. మూడోసారి ఆరిజిన్ ఆఫీసరు స్వయంగా పిలిపించింది.

ఆమెకు ముప్ఫై ఏళ్లుంటాయి. కళ్లజోడు, మెల్లటి గొంతు. ఒప్పందం పుస్తకంలో ప్రతి వాక్యం కిందా స్కేలు పెట్టి చదివేది. చెడ్డమనిషి కాదు. గంట ఒళ్లు ఇక్కడ పుట్టింది సరే, నాలుక ఎక్కడ పుట్టిందని అడిగింది. రెండూ ఒకే మూసలో కరిగిన ఇత్తడేనన్నాడు మేస్త్రి. అయితే ఆ ఇత్తడి ఎక్కడ పుట్టిందని అడిగింది.

"తుక్కండి. తుక్కు కొట్లోంచి తెచ్చిన పాత కుళాయిలు."

"ఆ కుళాయిలు ఏ దేశానివి?"

"పాతవండి" అన్నాడు మేస్త్రి. ఆయనకు తెలిసింది అంతే.

"అడుగుతోంది నేను కాదండీ. ఒప్పందం అడుగుతోంది" అని ఆమె పేజీ తిప్పి, స్కేలు పెట్టి, ఆయనకు పనికొచ్చే వాక్యం తనే చూపించింది. వాడి వాడి పాడైపోయి, కరిగించడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని వస్తువులను ఈ దేశంలో పోగుచేస్తే, అవి మొదట ఎక్కడ తయారైనా సరే, ఈ దేశంలో పుట్టినట్టే లెక్క.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య కూర తరగడం ఆపింది. "అంటే ఎక్కడ చస్తే అక్కడ పుట్టినట్టన్నమాట" అంది. మేస్త్రికి మాత్రం ఆ నియమం నచ్చింది. కొలిమి దగ్గర ముప్ఫై రెండేళ్లుగా ఆయన చూస్తున్నది అదే.

అప్పటికి తొమ్మిది వందల గంటలు పోయడం అయిపోయింది. మిగతా మూడు వందలకి మూడు వందల పాత కుళాయిలు షెడ్డులో కుప్పగా ఉన్నాయి. కరిగిపోయిన తుక్కును ఎటూ చూడలేం కాబట్టి, మిగిలిన కుప్పను చూస్తామంది ఆఫీసరు. అది తుక్కయితే కరిగిందీ తుక్కే. తనిఖీకి రెండు అవకాశాలుంటాయి, రెండోదాంట్లో ఏం తేలితే అదే ఖాయం. అంతవరకూ ఏదీ కరిగించకూడదు. తనిఖీ ఎప్పుడో రేపు చెబుతామన్నారు. రేపు వెళితే కూర్చోమన్నారు.

అలా పదకొండు రోజులు కూర్చోబెట్టారు. అసలు తప్పు ఇక్కడే జరిగింది. ఎవరిదని అడిగితే చెప్పడం కష్టం. పొద్దుట్నించీ సాయంత్రందాకా గోడవైపు తిరిగి కూర్చునే మనిషికి చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడు కుప్పలోంచి పాతికో ముప్ఫయ్యో కుళాయిలు సంచిలో వేసుకునేవాడు. ఆఫీసులో కూర్చుని ఒక్కొక్కటీ విప్పి, మర శుభ్రంచేసి, పాత తోలుముక్కతో వాషర్ కోసి వేసి, వాల్వు అరిగిపోయిన చోట రాపిడి పొడి రాసి తిప్పి తిప్పి నునుపుచేసి, మళ్లీ బిగించి సంచిలో వేసేవాడు. సాయంత్రం సంచి తీసుకెళ్లి కుప్పలో బోర్లించేవాడు. కరిగించబోయేదాన్ని బాగుచేయడమేంటని ఆయన ఆలోచించలేదు. తర్వాత కూతురు అడిగితే, అంత దూరం పోలేదమ్మా అన్నాడు. ఆఫీసు ఆయన్ని ఎన్ని రోజులు కూర్చోబెడితే అంత తుక్కు, తుక్కు కాకుండా పోయింది.

పదో తారీకు పొద్దున ఆఫీసరు షెడ్డుకు వచ్చింది. బామ్మర్ది కూడా టేపు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆమె కుప్పమీదినుంచి ఒక కుళాయి తీసి పిడి తిప్పింది. అది వెన్నలో తిప్పినట్టు తిరిగింది. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఆమె కళ్లజోడు సవరించుకుని, షెడ్డు గోడకున్న నీళ్ల గొట్టం చూపించి, ఒక్కొక్కటీ బిగించి చూద్దామంది. కారితే తుక్కు, కారకపోతే సరుకు.

మేస్త్రికి అప్పుడు అర్థమైంది. ఒక్కో కుళాయి ఆయనే బిగించాలి, ఆయనే తిప్పాలి, ఆయనే కట్టేయాలి. కట్టేసిన ప్రతిసారీ కారవే తల్లీ, కారవే అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. తన పని చెడిపోవాలని కోరుకోవడం ఆయన బతుకులో అదే మొదలు. కుళాయిలు మాత్రం మాట వినలేదు. నూరు దాటింది, రెండు వందలు దాటింది. నేల పొడిగా ఉంది.

రెండు వందల పద్దెనిమిదోది కట్టేశాక దాని మూతికి ఒక నీటిబొట్టు వచ్చి నిలబడింది. అందరూ ముందుకు వంగారు. బొట్టు లావెక్కింది, ఊగింది, రాలింది. దాని వెనక ఇంకోటి తయారవుతోంది. మేస్త్రి భార్య మొహం వెలిగిపోయింది. ఆఫీసరు కలం మూత తీసింది. ఈలోపు మేస్త్రి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే వెళ్లి, కుళాయి మెడ దగ్గరి నట్టును పావు చుట్టు బిగించాయి. బొట్టు ఆగిపోయింది.

మేస్త్రి తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

"ఇవి తుక్కు కావండీ, కుళాయిలు" అంది ఆఫీసరు బాధగానే.

"మంచి కుళాయిలు" అన్నాడు బామ్మర్ది. ముప్ఫై ఏళ్లలో బావ పనిని అతను మెచ్చుకున్నది అదొక్కసారే.

మేస్త్రి సుత్తి తీసుకున్నాడు. దిమ్మె మీద కుళాయి పెట్టి సుత్తి ఎత్తాడు. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. భార్య వచ్చి ఇటివ్వమని సుత్తి లాక్కుంది గానీ ఆవిడ కొట్టే అవసరం రాలేదు. కావాలని పగలగొట్టింది లెక్కలోకి రాదని ఆఫీసరు చెప్పింది. వాడి వాడి దానంతట అది పాడైపోయి ఉండాలి. తుక్కు కొట్టు యజమాని దగ్గర కొత్త సరుకేమైనా ఉందా అంటే, ఈ నెలంతా ఇనుమే వచ్చిందని అతను ముందే చేతులెత్తేశాడు. రెండో తనిఖీ పదిహేడున. ఆ రోజు కూడా తేలకపోతే అంతే సంగతులు. వెళ్లేముందు ఆమె ఇంకోమాట కూడా చెప్పింది. ఈసారి ప్రతి వస్తువుకీ అది ఎక్కడ పాడైందో చిరునామా ఉంటే మంచిది.

బామ్మర్ది టేపు తీసి మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు. "ఏమనుకోకు బావా, తలుపు కాస్త వెడల్పు చేయించాలి, తొట్టి పట్టదు" అన్నాడు.

ఆ సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. మీ దగ్గర కుళాయిలు ఉన్నాయట కదా అన్నయ్యా, మా వంటింట్లోది ఏడాదిగా కారుతోంది, ఒకటి పెట్టరాదూ అని అడిగింది. మేస్త్రి మారుమాట లేకుండా వెళ్లి, కుప్పలోంచి తీసిన కుళాయి బిగించి, కారేదాన్ని చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చుని దాన్ని విప్పబోయాడు. భార్య వంటింట్లోంచి చూసి, చేతిలో గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి కుళాయి లాక్కుంది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇది తుక్కు."

ఆవిడ ఆ మాట ఎంత ముద్దుగా అందంటే, కూతురు కంప్యూటర్ ముందునుంచి లేచొచ్చింది. ముగ్గురూ ఆ కారే కుళాయిని చూశారు. ఊళ్లో కారే కుళాయిలకు కరువా? ప్రతిదానికీ ఒక ఇల్లుంది, ఇంటికి చిరునామా ఉంది.

మర్నాటినుంచి తండ్రీ కూతుళ్లు వీధులు పట్టారు. మంచి కుళాయి పెట్టి కారేది పట్టుకొస్తారు. ఈ కుళాయి ఇంక పనికిరాదని ఇంటివాళ్లు కాగితం మీద సంతకం చేయాలి. మేస్త్రి పనిముట్ల పెట్టెకు భార్య తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. ఆయనకి ఇచ్చింది ఒక్క పానా, అదీ కూతురి సంచిలో. బిగించడం అవగానే అమ్మాయి చేయి చాచేది, ఆయన పానా ఇచ్చేసి చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

మొదట్లో జనం తలుపులు తీయలేదు. ఊరికే కుళాయి పెడతామంటే ఎవరు నమ్ముతారు? మూడో రోజుకి మాత్రం వీధుల్లో వాళ్లకోసం ఎదురుచూశారు. ఒకాయన తన కుళాయి కారడం లేదని చిన్నబుచ్చుకున్నాడు. ఒక ముసలాయన మాత్రం సంతకం పెట్టనన్నాడు.

"ముప్ఫై ఏళ్లు నీళ్లిచ్చింది. దాన్ని పట్టుకుని పనికిరాదని ఎలా రాస్తానయ్యా?"

మేస్త్రి ఆయనతో వాదించలేదు. ఆయన పక్కనే గట్టు మీద చాలాసేపు కూర్చుని, కూతురి దగ్గర పానా అడిగి తీసుకుని, ఆ పాత కుళాయికి కొత్త వాషర్ వేసి లేచాడు. లెక్కలోకి రాని పని. అమ్మాయి గడియారం చూసుకుని పానా కోసం చేయి చాచింది.

పదహారో తారీకు సాయంత్రానికి రెండు వందల తొంభై తొమ్మిదయ్యాయి. ఒకటి తక్కువ. కూతురు ఆఫీసుకు ఫోన్ చేసి, ఆఫీసరుగారి ఇంట్లో కుళాయి ఏమైనా కారుతుందా అని అడిగింది. అటువైపు పేజీలు తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఆఫీసరు ఇంటి కుళాయి తీసుకోకూడదని ఒప్పందంలో ఎక్కడా లేదని తేల్చుకున్నాక, కారుతుంది రమ్మంది. మూడు వందలు పూర్తయ్యాయి. ఆ రాత్రే అమ్మాయి జాబితా కంప్యూటర్లో పంపేసింది.

పదిహేడున రెండో తనిఖీ. ఈసారి కుళాయిలు కారుతుంటే చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. కొన్ని బొట్లు బొట్లుగా, కొన్ని ధారగా, ఒకటైతే పక్కనుంచి ఆఫీసరు చీర మీదికే చిమ్మింది. ఆమె తుడుచుకుంటూ తుక్కు అని రాసుకుంది. షెడ్డులో నీళ్లు పాదాలు మునిగేంత నిలిచాయి. మేస్త్రి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఈసారి బిగించే పని కూతురిది.

మూడు వందోది బిగించి కట్టేశారు. అది కారలేదు. అమ్మాయి మళ్లీ తిప్పి కట్టింది. ఒక్క చుక్క లేదు.

మేస్త్రి భార్య తన తల తడుముకుంది. "నిన్నట్నించీ నా జడపిన్ను కనబడటంలేదు" అంది మొగుడి చేతులకేసి చూస్తూ.

"ఒక్క వాషరే కదా అని..." అన్నాడు మేస్త్రి. ఆయన ఎడమకాలి చెప్పుకి మడమ దగ్గర గుండ్రంగా ఒక ముక్క లేదు.

ఆఫీసరు దగ్గరికొచ్చి కుళాయి పిడి తిప్పింది. నీళ్లొచ్చాయి, కట్టేస్తే ఆగాయి. ఇంకోసారి తిప్పింది. "ఇది మా ఇంటిది. ఆరేళ్లనించి దీనికింద గిన్నె పెట్టుకుంటున్నాను" అంది. కూతుర్ని విప్పమని, దాన్ని రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. సరుకును తుక్కు అని రాయలేనంది. జాబితాలో మూడు వందలని ముద్ర పడిపోయింది, ఆ అంకె మారదు. చిరునామా మార్చుకోవచ్చు. సాయంత్రం అయిదులోగా ఇంకో ఇత్తడి వస్తువు చూపించాలి. దానంతట అది పాడైనది, చిరునామా ఉన్నది.

బామ్మర్ది గడియారం చూసుకున్నాడు. ఆఫీసరు ఒక్క నిమిషం ఆలోచించి, అందరూ నాతో రండి అంది.

ఆఫీసులో ఆమె తిన్నగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, బోర్డు పక్కనున్న గంట చేతిలోకి తీసుకుంది. కాపలాదారు లేచాడు. ఆమె రిజిస్టర్ తెప్పించి స్కేలు పెట్టి చూపించింది. తొమ్మిదేళ్ల కిందటే ఆ గంటను పనికిరానిదని కొట్టేశారు. కొట్టేసినదాన్ని తీసి ఎక్కడ పడేయాలో రాసే గడి లేక అక్కడే ఉంచారు. ఆమె గంట నొక్కింది. మోగలేదు. మేస్త్రికి నొక్కి చూపించింది. మోగలేదు.

మేస్త్రికి ఉన్నచోటునుంచే లోపలి స్ప్రింగు కనబడింది. కొక్కెం నుంచి జారి పక్కకి ఒరిగింది. గోటితో ఇటు నెడితే చాలు. ఆయన చేయి కదిలింది. భార్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నలుగురిలో ఆయన చేయి పట్టుకున్నది లేదు. గుమాస్తా తల తిప్పుకున్నాడు.

"దీన్ని బాగుచేయడం వీలవుతుందాండీ?" ఆఫీసరు అడిగింది. పద్ధతి ప్రకారం అడగాలి.

మేస్త్రి గంటనీ, భార్యనీ, గోడవైపు తిరిగి ఉన్న తన కుర్చీనీ చూశాడు.

"వీలుకాదండీ" అన్నాడు.

తుక్కు అని రాసి, చిరునామా గడిలో ఆమె తన ఆఫీసు పేరే రాసుకుంది. నాలుగున్నరకి సర్టిఫికెట్ చేతికొచ్చింది. మూడు వందల గంటలు ఇంకా పుట్టనే లేదు, జాతకం మాత్రం వచ్చేసిందని మేస్త్రి భార్య మెట్లు దిగుతూ నవ్వింది. బామ్మర్ది టేపు చుట్టేసి, తొట్లు ఇంకెక్కడైనా పెట్టుకుంటాలే బావా అన్నాడు. తర్వాత రెండు నెలలపాటు ఊళ్లో ఒక్క కుళాయి కారక అతని కొట్లో కుళాయిలు కదల్లేదు, అది వేరే కథ.

కొలిమి తొమ్మిది రోజులు ఆరకుండా వెలిగింది. ఇరవై ఆరో తారీకు మధ్యాహ్నం ఆఖరి మూస. కుళాయిలన్నీ పడ్డాయి. కౌంటర్ గంట ఒక్కటే మిగిలింది. కూతురు బయట పెట్టెలకి మేకులు కొడుతోంది, భార్య గంటలకి పట్టీలు తొడుగుతోంది. మేస్త్రి పటకారు పక్కన పెట్టి, గంట చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, గోటితో స్ప్రింగు నెట్టాడు. టక్కుమని కొక్కెంలో కూర్చుంది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో నొక్కాడు.

సన్నగా, శుభ్రంగా మోగింది. తొమ్మిదేళ్లుగా దాచుకున్నట్టు మోగింది.

మేకుల చప్పుడు ఆగింది. "ఏదో మోగినట్టుంది?" అంది భార్య బయటినుంచి.

"లేదే" అన్నాడు మేస్త్రి, గంటను మూసలోకి జారవిడిచి మూత పెడుతూ.